క్రాష్ అంటే ఏ క్రాష్ అండి? తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురంలో మాది చిన్న నెట్ సెంటర్. జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, తెలుగు టైపింగ్, ఇంగ్లీషు కాగితం తెస్తే అందులో ఏముందో చదివి చెప్పడం. రోజుకి ఒక్కసారైనా కౌంటర్ దగ్గర ఎవరో ఒకరు "క్రాష్ అయిపోయిందండి" అంటారు. నేను తలెత్తకుండానే "ఏదండి?" అని అడుగుతాను. ఒకరికి ఫోన్, ఒకరికి షేర్లు, ఒకరికి బావమరిది కారు, ఇంకొకరికి రొయ్యల చెరువు. అడిగినవాళ్ళకి అడిగినట్టు చెప్పి చెప్పి, చివరికి ఇలా రాసి పెట్టాను.

క్రాష్‌కి సరైన తెలుగు మాట ఏది?

ఒక్క మాట దొరకదండి. ఏది క్రాష్ అయిందో చెబితేగానీ తెలుగు చెప్పలేం. బండ్లు గుద్దుకుంటాయి, ఢీకొంటాయి. విమానం కూలుతుంది. గోడా కూలుతుంది, ప్రభుత్వమూ కూలుతుంది. రేటు పడిపోతుంది, బీపీ పడిపోతుంది. సర్వర్ మొరాయిస్తుంది.

ఈ చివరి మాట నాకు చాలా ఇష్టం. మొరాయించడం అసలు ఎద్దు చేసే పని. బురదలో బండి లాగుతూ లాగుతూ ఒక చోట కాళ్ళు బిగబట్టి, ఎంత అదిలించినా కదలదు చూడండి, అదీ. పేపర్లవాళ్ళు ఈ మాట తెచ్చి సర్వర్లకీ, ఓటింగ్ యంత్రాలకీ తగిలించారు. అతికినట్టు సరిపోయింది.

రోడ్డు మీద జరిగినదాన్ని క్రాష్ అనాలా, యాక్సిడెంట్ అనాలా?

మన మాటల్లో యాక్సిడెంటే. క్రాష్ అనేవాళ్ళు తక్కువ. కానీ ఇంగ్లీషు దేశాల్లో రోడ్డు భద్రత మీద పనిచేసేవాళ్ళు యాక్సిడెంట్ అనే మాట వద్దంటున్నారు. యాక్సిడెంట్ అంటే ఎవరి తప్పూ లేకుండా, ఖర్మకొద్దీ జరిగింది అనిపిస్తుందని వాళ్ళ అభ్యంతరం. తాగి నడిపినా, రాంగ్ రూట్‌లో వచ్చినా అది ఖర్మ ఎలా అవుతుంది అని. బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజే 2001లోనే తమ పేజీల్లో ఆ మాటని వాడబోమని ప్రకటించింది. క్రాష్ అంటే జరిగింది జరిగినట్టు చెప్పినట్టు అవుతుందని వాళ్ళ వాదన.

తమాషా ఏమిటంటే మనకి ఆ గొడవే లేదు. ప్రమాదం అనే సంస్కృత మాటకి అసలు అర్థమే ఏమరుపాటు, అజాగ్రత్త. "ప్రమాదో ధీమతామపి" అంటారు కదా, ఎంత బుద్ధిమంతుడైనా ఒకోసారి ఏమరుతాడని. అంటే "రోడ్డు ప్రమాదం" అన్నప్పుడే ఎవరో ఏమరిచారని చెప్పేసినట్టు. వాడీ వాడీ ఆ అర్థం అరిగిపోయింది, అంతే.

ఇన్సూరెన్స్ కాగితంలో "బండి క్రాష్ అయింది" అని రాస్తే సరిపోతుందా?

సరిపోదు. ఇది నేను చేసి తిన్న చీవాట్లు.

కొన్నేళ్ళ కిందట మా వీధిలో మాస్టారుగారి స్కూటర్‌కి, ఒక ఆటోకి తగులుకుంది. వంతెన దిగుతూ మలుపు దగ్గర. ఆయన చెయ్యి విరిగింది కాబట్టి క్లెయిమ్ కాగితం నేనే నింపాను. ఇంగ్లీషులో కాస్త దర్జాగా ఉంటుందని, స్కూటర్ ఆటోతో క్రాష్ అయిందని రాశాను. పది రోజుల తర్వాత సర్వేయర్ ఫోన్ చేసి, "ఎవరు ఎవర్ని గుద్దారండి? మీరు రాసినదాన్ని బట్టి మీ మాస్టారే వెళ్ళి ఆటోని గుద్దినట్టుంది" అన్నాడు. జరిగింది పూర్తిగా తిరగబడి. మాస్టారుగారు విరిగిన చెయ్యి మెడకి వేలాడేసుకుని వచ్చి, "ఒరే అబ్బాయ్, ముప్పై ఏళ్ళు కర్త, కర్మ, క్రియ నేర్పాను కదరా" అన్నారు.

అదే తెలుగులో రాసి ఉంటే తప్పించుకునే దారి ఉండేది కాదు. "ఆటో స్కూటర్‌ని గుద్దింది", "స్కూటర్ ఆటోని గుద్దింది", "రెండూ గుద్దుకున్నాయి". మూడూ వేరు. మన క్రియ నోరు తెరవగానే ఎవరు ఎవరిని అని అడుగుతుంది. క్రాష్ అనే మాట దాన్ని దాటేస్తుంది. అందుకే ఇప్పుడు ఎవరైనా కాగితం నింపమంటే ముందు జరిగింది తెలుగులో చెప్పమంటాను. ఎటునుంచి ఎటు వెళ్తున్నారు, ఎవరు ఆగి ఉన్నారు, దెబ్బ బండికి ఏ వైపు తగిలింది. అది రాసుకున్నాకే ఇంగ్లీషు.

ఇప్పటి కార్లు తగరపు డబ్బాలు, పాత కార్లయితే ఇనుము అంటారు. మరి క్రాష్ టెస్ట్‌లో స్టార్లు ఎలా వస్తున్నాయి?

ఈ మాట ప్రతి టీకొట్టు దగ్గరా వినిపిస్తుంది. పాత అంబాసిడర్ గోడని గుద్దితే గోడకే దెబ్బ, ఇప్పటి కారు గుద్దితే ముందుభాగం అప్పడంలా నలిగిపోతుంది అని. నలగడం నిజమే. అలా నలగాలనే చేస్తారు.

ఇల్లు కడుతున్న చోట చూడండి. కింద నుంచి ఒకడు ఇటుక విసురుతాడు, పైన ఉన్నవాడు పట్టుకుంటాడు. పట్టుకునేవాడు చేతులు బిగించి ఉంచడు. ఇటుక చేతిలో పడుతుండగానే చేతుల్ని దానితోపాటే కాస్త వెనక్కి తీసుకుంటాడు. బిగబడితే అరచేతులు పగులుతాయి. ఆగడానికి పట్టే సమయం పెరిగితే దెబ్బ జోరు తగ్గుతుంది. కారు ముందుభాగం చేసేది అదే. అది నలుగుతూ ఆ దెబ్బని తను తింటుంది, మనుషులు కూర్చున్న గది మాత్రం గట్టిగా నిలబడాలి. పాత కారు నలగదు, కాబట్టి ఆ దెబ్బ స్టీరింగ్ మీదుగా డ్రైవర్ ఛాతీకి వస్తుంది.

మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష 2023 అక్టోబర్ 1 నుంచి మొదలైంది. కారులో మనిషి బొమ్మల్ని కూర్చోబెట్టి, గంటకి 64 కిలోమీటర్ల వేగంతో నలిగే అడ్డుకి ఒక పక్కగా గుద్దిస్తారు. పక్కనుంచి గంటకి 50 కిలోమీటర్లతో గుద్దే పరీక్ష వేరే. పెద్దవాళ్ళకి ఎంత రక్షణ, పిల్లలకి ఎంత అని విడివిడిగా, గరిష్ఠంగా 5 స్టార్లు ఇస్తారు. ఒక్కటి గుర్తుంచుకోవాలి, ఆ స్టార్లు 64కి వచ్చినవి. 216 హైవే మీద 110లో పోతూ "మాది ఫైవ్ స్టార్ అండి" అంటే ఆ స్టార్లకి ఆ సంగతి తెలియదు.

కారుకి ముందు ఇనప క్రాష్ గార్డ్ పెట్టించుకోవచ్చా?

కూడదు. కార్లకి అలాంటి గార్డులు చట్టవిరుద్ధమని 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది. కారణం పై ప్రశ్నలోనే ఉంది. నలగాల్సిన చోట నలగకుండా ఆ ఇనప కడ్డీ అడ్డుపడి దెబ్బని నేరుగా చట్రానికి పంపుతుంది. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ లెక్క కూడా తప్పుతుంది. ఎదురొచ్చే నడిచే మనిషికైతే ఇంకా ఘోరం.

విమానం, హెలికాప్టర్ విషయంలో?

ఇక్కడ తెలుగు మాట స్థిరపడిపోయింది, కూలింది. మా కోనసీమవాళ్ళకి ఆ మాట వినగానే 2002 మార్చి 3 గుర్తొస్తుంది. లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి గారు ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. యానాం, ఎదురులంక మధ్య గోదావరి మీద వంతెనకి ఆయన పేరే పెట్టారు. ఆ వంతెన ఎక్కినప్పుడల్లా మా అమ్మ ఇప్పటికీ చేతులు జోడిస్తుంది.

క్రాష్ ల్యాండింగ్ అంటే మాత్రం కూలడం కాదు. చక్రాలు తెరుచుకోకపోయినా, ఇంజన్ ఆగినా, పైలట్ తన అదుపులోనే ఉంచుకుని ఎలాగో ఒకలా నేలకి దించేయడం. తెలుగులో "అత్యవసరంగా దించారు" అంటే చాలు.

యాప్ క్రాష్ అవడం, ఫోన్ హ్యాంగ్ అవడం, సర్వర్ డౌన్ అవడం: మూడూ ఒకటేనా?

ఒకటి కాదు. కౌంటర్ దగ్గర టెన్షన్ పడే ముందు ఏదో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

యాప్ తనంతట తాను మూసుకుపోయి మళ్ళీ మొదటి స్క్రీన్‌కి వచ్చేస్తే అది క్రాష్. ప్రోగ్రాంలో తప్పుండో, ఫోన్‌లో మెమరీ చాలకో అవుతుంది. మళ్ళీ తెరవండి, అప్‌డేట్ ఉంటే చేయండి. స్క్రీన్ అలాగే ఉండి వేలు పెడితే పలకకపోతే హ్యాంగ్. మీ ఫోన్ నిక్షేపంలా ఉండి, చక్రం మాత్రం తిరుగుతూ ఉంటే తప్పు అవతల ఉంది, సర్వర్ డౌన్. రిజల్ట్స్ రోజు అయ్యేది ఇదే. లక్షల మంది ఒకే నిమిషంలో హాల్ టికెట్ నంబర్ కొడతారు. ఆ టైంలో ఫోన్ ఆపి మళ్ళీ వెయ్యడం, సిమ్ తీసి తుడవడం అనవసరం. అరగంట ఆగి, టీ తాగి రండి.

ఎవరి తప్పూ లేకుండా ప్రపంచమంతా కంప్యూటర్లు ఒకేసారి క్రాష్ అవుతాయా?

తప్పు ఉంది, ఒక్కరిది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క అప్‌డేట్‌లో పొరపాటు దొర్లింది. సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. వైరస్ కాదు, దొంగలు కాదు. కాపలాకి పెట్టుకున్నవాడి చెయ్యే తగిలి తలుపు పడింది.

హార్డ్ డిస్క్ క్రాష్ అంటే? అది కూడా ప్రోగ్రాం తప్పేనా?

పాతకాలపు తిరిగే డిస్కుల్లో అది నిజంగా గుద్దుకోవడమే. లోపల పళ్ళెం లాంటిది గిరగిరా తిరుగుతుంది, దాని మీద చదివే ముల్లు గాలి పొర మీద తేలుతుంది. ఆ ఎత్తు మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. కింద పడేస్తేనో, దుమ్ము దూరితేనో ముల్లు వెళ్ళి పళ్ళేన్ని గీస్తుంది. లోపల టిక్ టిక్ మని చప్పుడు వస్తే వెంటనే ఆపేయండి. "ఇంకొక్కసారి చూద్దాం" అని ఆన్ చేసిన ప్రతిసారీ మీ పెళ్ళి ఫొటోలు ఇంకొన్ని గీరుకుపోతాయి.

షేర్ మార్కెట్ ఎంత పడితే క్రాష్ అంటారు?

దానికి గీత గీసిన లెక్క లేదు. 10 శాతం దాటి 20 శాతం లోపు తగ్గితే కరెక్షన్ అంటారు. కొద్ది రోజుల్లోనే, ఒకోసారి ఒక్కరోజులోనే జనం భయపడి అమ్మేసుకుంటే క్రాష్ అంటారు.

పాయింట్లు చూసి గుండెలు బాదుకోకండి. 2020 మార్చి 23న కరోనా భయంతో సెన్సెక్స్ 3,935 పాయింట్లు పడింది. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాల రోజు 4,390 పడింది. రెండోదే పెద్దదిగా కనిపిస్తుంది. కానీ మొదటిది 13 శాతం, రెండోది 6 శాతం కూడా కాదు. సూచీ పెరిగిన కొద్దీ పాయింట్ చిన్నదవుతుంది. అమెరికాలో 1987 అక్టోబర్ 19న డౌ జోన్స్ సూచీ పడింది 508 పాయింట్లే, అది 22.6 శాతం.

మన దగ్గర సూచీ 10 శాతం పడితే మార్కెట్‌నే కాసేపు ఆపేస్తారు. 2020 మార్చి 23న అలాగే 45 నిమిషాలు ఆపారు. కోడిపందెంలో నీళ్ళు కొట్టడానికి ఆపినట్టు.

రొయ్య రేటు క్రాష్ అయిందంటే మార్కెట్ క్రాష్ లాంటిదేనా?

పేరు ఒకటే, బాధ వేరు. షేర్లు పడితే అమ్మకుండా దాచుకోవచ్చు. రొయ్య దాగదు. వంద కౌంట్, అంటే కిలోకి వంద తూగే సైజుకి వచ్చాక ప్రతి రోజూ మేత, కరెంటు, జబ్బు భయం. రేటు పడిందని ఆపుకుంటే ఖర్చు పెరుగుతుంది, పట్టేస్తే నష్టం ఖాయమవుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం వైపు చెరువుగట్ల మీద ఇదే మాట. మన రొయ్యకి అతి పెద్ద కొనుగోలుదారు అమెరికాయే మరి. కొబ్బరి కాస్త నయం, అంబాజీపేటలో ధర బాగాలేకపోతే కాయ కొన్నాళ్ళు రాశిలో ఉంటుంది.

చెరువే క్రాష్ అయిందని టెక్నీషియన్ అన్నాడు. చెరువు ఎలా క్రాష్ అవుతుంది?

ఈ అర్థం ఏ డిక్షనరీలోనూ వెతక్కండి, గట్టు మీదే దొరుకుతుంది. వాళ్ళు పూర్తిగా అనేది "బ్లూమ్ క్రాష్".

చెరువు నీళ్ళు ఆకుపచ్చగా ఉంటాయి కదా, ఆ రంగు కంటికి కనపడని నాచుది, దాన్నే బ్లూమ్ అంటారు. పగలు ఎండలో అది ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్ పీలుస్తుంది. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. ఇప్పుడు రెండు మూడు రోజులు మబ్బు పట్టి, పైన ఒక పెద్ద వాన కురిసిందనుకోండి. నాచు మొత్తం ఒక్కసారిగా చచ్చిపోతుంది. చచ్చినదాన్ని కుళ్ళబెట్టే బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్ కూడా లాగేసుకుంటుంది, అమ్మోనియా పెరుగుతుంది. నిన్న పచ్చగా ఉన్న నీరు ఇవాళ పల్చగానో, గోధుమరంగులోనో కనపడుతుంది, గాలివాటు పక్కన నురగ చేరుతుంది. తెల్లవారుజాము మూడు నాలుగింటికి రొయ్యలు పైకి తేలి గట్టు వారగా తిరుగుతున్నాయంటే అది ఈదులాట కాదు, ఊపిరాడక.

మా బాబాయ్ రోజూ సాయంత్రం చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో ముంచి, అరచెయ్యి కనపడుతుందా లేదా చూసేవాడు. అస్సలు కనపడకపోతే నాచు మరీ ఎక్కువైంది, మబ్బు పడితే కూలుతుంది. వేళ్ళు స్పష్టంగా లెక్కపెట్టగలిగితే మరీ తక్కువ. నలుపు తెలుపు పళ్ళెం కట్టిన సెచ్చి డిస్క్‌తో కొలిచేవాళ్ళకి 30 నుంచి 40 సెంటీమీటర్లు మంచిది. క్రాష్ అయిందనిపిస్తే ముందు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ వేయండి, మేత ఆపండి, టెక్నీషియన్‌కి ఫోన్ చేయండి. చీకట్లో ఎవరో చెప్పారని ఏదో మందు కుమ్మరించకండి.

ఒక్కటి చూడండి, ఇక్కడ ఏదీ దేన్నీ గుద్దలేదు. చప్పుడు లేదు. పొద్దున్న లేచేసరికి రంగు పోయింది, అంతే. అయినా నాకు తెలిసిన క్రాష్‌లన్నిటిలో ఎక్కువ ఇళ్ళు కూల్చింది ఇదే.

క్రాష్ కోర్స్‌లో చేరితే ఏదైనా కూలుతుందా?

తల్లిదండ్రుల జేబు. ఇక్కడ క్రాష్ అంటే ఉన్న కొద్ది టైంలో ఉన్న బలమంతా పెట్టి చేసేది. ఇంటర్ పరీక్షలు అయ్యాక ఈఏపీసెట్ దాకా నడిచేవి ఇవే. రెండేళ్ళు చదివినవాడికి తిరగేసుకోవడానికి పనికొస్తాయి, చదవనివాడికి రావు. క్రాష్ డైట్ కూడా ఇదే బాపతు, పైగా మరీ వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు వచ్చే అవకాశం పెరుగుతుంది.

క్రాష్, క్రష్, క్లాష్, క్యాష్. ఏది ఏదండి?

టైపింగ్‌లో మేం రోజూ పడే పాట్లివి. మనసు పడ్డ అమ్మాయి క్రష్. సంక్రాంతికి రెండు పెద్ద సినిమాలు ఒకే రోజు దిగితే క్లాష్. కౌంటర్ మీద పెట్టేది క్యాష్. "ఆమె నా క్రాష్" అని రాసిన పెళ్ళి స్టేటస్ ఒకటి దిద్దాను. దిద్దకుండా వదిలేస్తే ఏమయ్యేదో.

హైదరాబాద్‌లో మా అబ్బాయి "ఫ్రెండ్ రూంలో క్రాష్ అవుతా" అన్నాడు. కంగారు పడాలా?

అక్కర్లేదండి. రాత్రికి అక్కడే పడుకుంటాడు. పిలవని పార్టీకి వెళ్ళినా క్రాష్ అనే అంటారు, మన పిలవని పేరంటం. స్వీట్లు తిన్న గంటకి నీరసం వస్తే షుగర్ క్రాష్ అంటున్నారు ఇప్పుడు. తాపేశ్వరం కాజాలు నాలుగు లాగించి, ఆపైన పప్పన్నం తిన్న మనిషికి వచ్చేది మాత్రం భుక్తాయాసం.

ఆస్పత్రిలో క్రాష్ కార్ట్ అని రాసి ఉంది, అదేమిటి?

గుండె ఆగితే వెంటనే వాడాల్సిన మందులు, షాక్ ఇచ్చే యంత్రం పెట్టిన తోపుడుబండి. దాన్ని తోసుకుంటూ వస్తుంటే దారి ఇవ్వండి, ప్రశ్నలు తర్వాత.

ఇంకా ఏమైనా అర్థాలు మిగిలాయా?

మూడు. డ్రమ్స్ సెట్టులో గట్టిగా కొట్టగానే ఝుమ్మని లేచే కంచు పళ్ళెం క్రాష్. తువ్వాళ్ళకీ, పుస్తకాల బైండింగ్‌కీ వాడే ముతక నార బట్టని కూడా ఇంగ్లీషులో క్రాష్ అంటారు. అది రష్యన్ నుంచి వచ్చిన వేరే మాట, గుద్దుడుతో చుట్టరికం లేదు. ఖడ్గమృగాల మందని కూడా క్రాష్ అంటారు. అవి పరిగెడుతుంటే చూసినవాడెవడో పెట్టి ఉంటాడు.

ఇంగ్లీషు మాటలో ఆ చప్పుడే వినపడుతుంది. అలాంటి మాట తెలుగులో లేదా?

క్రాష్ పుట్టిందే చప్పుడు నుంచి, ఆరు వందల ఏళ్ళ కిందటి మాట. కానీ చప్పుళ్ళ దగ్గర మనల్ని మించినవాళ్ళు లేరండి. గాజు భళ్ళున పగులుతుంది. కొమ్మ ఫెళ్ళున విరుగుతుంది. మట్ట దబ్బున పడుతుంది. తలుపు ధడేలున వేసుకుంటుంది. కుండ ఫట్ మంటుంది. కళ్ళు మూసుకుని విన్నా ఏది పోయిందో తెలుస్తుంది.

1996 నవంబర్ 6 రాత్రి తుఫానులో మేం అలాగే విన్నాం. పెంకుల్లేచిపోయిన ఇంట్లో, మంచం కింద, నేనూ చెల్లీ. నాన్న గోడకి ఆనుకుని కూర్చుని బయట చప్పుళ్ళు వింటున్నారు. ఫెళ్ళుమంటే "కొబ్బరి విరిగింది" అనేవారు. నేల అదిరేలా దబ్బుమంటే "వేళ్ళతో వచ్చేసింది" అనేవారు. విరిగినవి ఒక చేతి వేళ్ళ మీద, కూలినవి ఇంకో చేతి మీద లెక్కపెట్టుకున్నారు. కొంతసేపటికి వేళ్ళు చాలక ఆపేశారు. తెల్లారి తలుపు తీస్తే మా తోట అవతల ఉన్న కాలువ ఇంటి గుమ్మంలోంచే కనపడింది. అంతకుముందు ఎప్పుడూ కనపడలేదు.